అమ్మానాన్నలను అమెరికన్ బ్రేక్‌ఫాస్ట్ రెస్టారెంటుకు తీసుకెళ్లడం ఎలా? ఆర్డరు వాళ్లే చెప్పేలా

వేసవి వస్తే చాలు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "అమ్మానాన్నలు వచ్చారు. రోజూ ఇంట్లో ఇడ్లీ, ఉప్మాలే. ఒక్క ఆదివారమైనా ఇక్కడివాళ్లు కుటుంబమంతా కలిసి టిఫిన్ చేసే చోటికి తీసుకెళ్లాలని ఉంది. అక్కడ వాళ్లు ఏం తినగలరు?"

ఏం తినగలరన్నది తేలిగ్గానే తేలుతుంది. నన్ను బాధపెట్టినది మరొకటి. మా నాన్న మా ఊరి హోటల్లో కూర్చుంటే అల్లం పచ్చడి ఎంత వేయాలో, పెసరట్టు ఎంత ఎర్రగా కాల్చాలో వంటమనిషికి తానే చెప్పే మనిషి. ఇక్కడ మొదటిసారి తీసుకెళ్లినప్పుడు, సర్వరు గుడ్లు ఎలా కావాలని అడగగానే నా వంక చూశారు. ఆ ప్రశ్నకూ తర్వాతి నాలుగు ప్రశ్నలకూ నేనే జవాబిచ్చాను. తిన్నంతసేపూ ఆయన పెద్దగా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక అమ్మతో "బాగానే ఉంది, కానీ నాకేం కావాలో నన్నెవరూ అడగలేదు" అన్నారట. సర్వరు అడిగింది. మధ్యలో దూరింది నేను.

అందుకే ఈ పద్ధతి. మీ అమ్మానాన్నలు తమ టిఫిను తామే చెప్పుకోవాలి, వచ్చింది చూసి సరిగ్గా ఉందో లేదో తామే తేల్చుకోవాలి. రెండు రోజుల ముందు ఓ గంట కూర్చుంటే చాలు.

ఇక్కడ చెప్పేది ఐహాప్, డెన్నీస్, వాఫుల్ హౌస్, క్రాకర్ బ్యారెల్ లాంటి చోట్ల గురించి, ప్రతి ఊళ్లోనూ కనిపించే చిన్న డైనర్ల గురించి. గుడ్లు, పాన్‌కేకులు, బంగాళాదుంప వేపుడు, మధ్యాహ్నానికి ఇంటి తరహా భోజనం దొరికే చోట్లు ఇవి.

కావలసినవి

- రెస్టారెంటు మెనూ. వాళ్ల వెబ్‌సైటులోనే ఉంటుంది. ఫోనులో కాకుండా కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఇవ్వండి.
- చిన్న అట్టముక్క ఒకటి, పెన్ను.
- అమ్మానాన్నలు తినే, తినని వాటి జాబితా. గుడ్డు, పంది, గొడ్డు మాంసాలు, ఉల్లి, వెల్లుల్లి, వాళ్లు వాడే మందులు, అన్నీ అందులో ఉండాలి.
- చేతిసంచిలో ఒక అరటిపండు, గుప్పెడు బాదం పలుకులు. ఎందుకో మూడో అంచెలో చెబుతాను.
- పలుచని శాలువా లేదా స్వెట్టరు. లోపలి చలి మన పెద్దవాళ్లకు ఎక్కువ.

కారప్పొడి డబ్బా తీసుకెళ్లాలా అని చాలామంది అడుగుతారు. అవసరం లేదు. బల్ల మీద ఉప్పు, మిరియాల పొడి ఉంటాయి. అడిగితే హాట్ సాస్ సీసా తెచ్చి ఇస్తారు. లూసియానాలో 1868 నుంచి తయారవుతున్న టబాస్కో పుల్లగా, ఘాటుగా ఉంటుంది. నాలుగు చుక్కలు వేస్తే గుడ్డుకు ప్రాణం వస్తుంది.

1. ముందు చోటు ఎంచుకోండి

నాలుగూ ఒకే రకం కాదు.

క్రాకర్ బ్యారెల్ 1969లో టెనెసీ రాష్ట్రంలోని లెబనాన్ అనే ఊళ్లో మొదలైంది. ముందు వరండాలో ఊగే కుర్చీలు, లోపల పాతకాలపు సామాన్ల దుకాణం, ప్రతి బల్ల మీద చెక్క త్రికోణంలో పుల్లలు దూకించి తీసే ఆట ఉంటాయి. పెద్దవాళ్లను మొదటిసారి తీసుకెళ్లడానికి నా ఓటు దీనికే. వేచి ఉండాల్సి వచ్చినా విసుగు రాదు. మధ్యాహ్నమైనా టిఫిన్ దొరుకుతుంది. ఎక్కువగా హైవేల పక్కన ఉంటుంది కాబట్టి ప్రయాణంలో ఆగడానికీ అనువు.

ఐహాప్ 1958లో కాలిఫోర్నియాలో పుట్టింది. పాన్‌కేకులు దీని ప్రత్యేకత. డెన్నీస్ 1953లో అదే రాష్ట్రంలో డోనట్ల దుకాణంగా మొదలైంది. ఈ రెండింటిలో 55 ఏళ్లు దాటినవాళ్లకు చిన్న పరిమాణంలో, తక్కువ ధరలో వంటకాలు ఉంటాయి. మెనూలో ఆ పేజీ వెతకండి. మన పెద్దవాళ్ల ఆకలికి ఆ పరిమాణమే సరిపోతుంది.

వాఫుల్ హౌస్ 1955లో అట్లాంటా పక్కన మొదలై, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. వంట కళ్లెదుటే జరుగుతుంది. పెనం మీద ఏం పడుతోందో చూడాలనుకునే అమ్మలకు ఇది బాగా నచ్చుతుంది. అదే పెనం మీద పంది మాంసం వేగడం చూడలేనివాళ్లకు మాత్రం వద్దు.

ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. మీ పెద్దవాళ్లు మడి ఆచారం పాటించేవాళ్లయితే, మాంసం వండిన పెనం మీద చేసినది ముట్టనివాళ్లయితే, బలవంతపెట్టకండి. కాఫీకి, పండ్లకు వస్తామంటే సరే. లేదంటే మరో సరదా చూసుకోండి. ఇలాంటి చోట్ల విడి పెనం, విడి పాత్రలు దొరకవు.

2. ఇంట్లో మెనూ చదవండి, తెలుగులోకి మార్చండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పేర్లు మోసం చేస్తాయి. తెలిసిన పదంలా వినిపించి తెలియని తిండి వస్తుంది.

*చికెన్ ఫ్రైడ్ స్టెక్:* అన్నిటికంటే ప్రమాదకరమైన పేరు. పేరులో చికెన్ ఉంటుంది, ప్లేటులో ఉండేది గొడ్డు మాంసం. కోడి ముక్కలను పిండిలో ముంచి వేయించినట్టే దీన్నీ వేయిస్తారు కాబట్టి ఆ పేరు వచ్చింది. కంట్రీ ఫ్రైడ్ స్టెక్ అన్నా ఇదే. కోడి కావాలంటే "ఫ్రైడ్ చికెన్" అని ఉన్నదే చూడండి. మీట్‌లోఫ్, పాట్ రోస్ట్ కూడా సాధారణంగా గొడ్డు మాంసమే.

*బిస్కెట్, గ్రేవీ:* బిస్కెట్ అంటే టీలో ముంచుకునేది కాదు. మెత్తగా, పొరలు పొరలుగా ఉండే వేడి రొట్టె. గ్రేవీ అనగానే మనకు కూర పులుసు గుర్తొస్తుంది. ఇక్కడ అది పాలు, మైదాతో చేసిన తెల్లని చిక్కటి సాస్, అందులో పంది సాసేజ్ ముక్కలు ఉంటాయి. బిస్కెట్టును వెన్న, జామ్‌తో తెప్పించుకోండి. మామూలుగా అందులో గుడ్డు ఉండదు. పంది కొవ్వు వాడారేమో మాత్రం అడగాలి.

*గ్రిట్స్:* మొక్కజొన్న రవ్వను ఉడికించి చేసే చప్పటి జావ. మన సంకటికి దూరపు బంధువు. దక్షిణాది రాష్ట్రాల్లో ప్రతి చోటా ఉంటుంది. ఉప్పు, మిరియాలు, వెన్న వేసుకుంటే పళ్లు ఇబ్బందిపెట్టే పెద్దవాళ్లకు చక్కగా దిగుతుంది. నీళ్లతో వండారా, చికెన్ ఉడికించిన నీళ్లతోనా అని శాకాహారులు అడగాలి.

*హాష్‌బ్రౌన్స్, హోమ్ ఫ్రైస్:* మొదటిది తురిమిన బంగాళాదుంపను పెనం మీద అట్టులా కాల్చినది, రెండోది ముక్కలుగా వేయించినది. ఎర్రగా కరకరలాడాలంటే "క్రిస్పీ" అని చెప్పాలి. చెప్పకపోతే లోపల తెల్లగా, మెత్తగా వస్తుంది.

*పాన్‌కేక్, వాఫుల్, ఫ్రెంచ్ టోస్ట్:* మూడింటిలోనూ గుడ్డు ఉంటుంది. పైకి కనిపించదు కాబట్టి పొరపాటు జరిగేది ఇక్కడే. గుడ్డు లేని పాన్‌కేక్ ఈ చోట్ల దాదాపు దొరకదు.

*బేకన్, హ్యామ్, సాసేజ్:* ప్రత్యేకంగా చెప్పకపోతే పంది మాంసమే. టర్కీ కోడి మాంసంతో చేసిన టర్కీ బేకన్, టర్కీ సాసేజ్ చాలాచోట్ల ఉంటాయి. కోడి తిని పంది తినని వాళ్లకు అవే మార్గం. పొడవాటి సాసేజ్‌కు పై తొడుగు పందిది కావచ్చు. బిళ్లలా ఉండే పాటీకి తొడుగు ఉండదు.

*గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్:* దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. ఇది ద్రాక్ష రసం కాదు, పంపరపనస జాతి పండు రసం. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు దీనితో కలిస్తే రక్తంలో మందు మోతాదు పెరిగిపోతుంది. మన పెద్దవాళ్లలో ఈ మాత్రలు వాడేవాళ్లు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. నారింజ రసం చెప్పండి, లేదా డాక్టరును ముందే అడగండి.

*టీ:* దక్షిణాది రాష్ట్రాల్లో ఉత్త "టీ" అంటే ఐసు వేసిన చల్లని టీ. "స్వీట్ టీ" అంటే పాకంలా తియ్యగా ఉంటుంది. "హాట్ టీ" అని చెప్పాలి. అప్పుడైనా వచ్చేది వేడినీళ్లు, పక్కన టీ పొట్లం. మన టీ రాదని ముందే చెప్పేయండి. కాఫీ చెప్పి, పక్కన వేడిపాలు అడగడం మేలు. కాఫీ కప్పును మళ్లీ మళ్లీ నింపుతారు, చాలాచోట్ల దానికి వేరే డబ్బు తీసుకోరు.

శాకాహారులకు ప్రత్యేకంగా

మధ్యాహ్నం పూట "వెజిటబుల్ ప్లేట్" అని ఉంటుంది. మూడు నాలుగు పక్క వంటకాలు ఎంచుకోవచ్చు. పేరు చూసి శాకాహారమని నమ్మకండి. దక్షిణాది ఇంటి వంటలో చిక్కుడుకాయలు, ఆకుకూరలు, పింటో బీన్స్‌ను పంది ముక్కతో ఉడికించడం తరతరాల పద్ధతి. వాళ్ల లెక్కలో అది కూరగాయే, పంది ముక్క పోపు లాంటిది. మాకు ఒక చోట ఇలాగే జరిగింది. చిక్కుడుకాయల్లో మాంసం ఉండదని సర్వరు చెప్పింది. అమ్మ రెండు ముద్దలు తిన్నాక "ఇందులో ఏదో ముక్క ఉందిరా" అని చెంచాతో తీసి చూపించింది. ఆ పూట ఇంకేమీ తినలేదు. సర్వరు అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్న తప్పు. "మాంసం ఉందా?" అని అడిగితే, పంది ముక్క వేసి ఉడికించడం వాళ్లకు మాంసం కూర కిందకు రాదు. "పంది ముక్కతోనో, మాంసం ఉడికించిన నీళ్లతోనో వండారా?" అని అడగాలి. ప్రశ్న ఇలా మార్చాక ఈ పొరపాటు నాకు మళ్లీ జరగలేదు.

ధైర్యంగా చెప్పగలిగినవి: నీళ్లతో చేయమన్న ఓట్‌మీల్, పండ్ల కప్పు, టోస్టు, కాల్చిన బంగాళాదుంప. వేయించిన బెండకాయ కూడా ఉంటుంది. మొక్కజొన్న పిండి పూసి నూనెలో వేయిస్తారు. అమ్మలకు ఇది కనిపిస్తే ముఖం విప్పారుతుంది. అదే నూనెలో చికెన్ వేయిస్తారా, పిండిలో గుడ్డు ఉందా అన్నవి మాత్రం అడగండి. సూపులు, కార్న్‌బ్రెడ్ అడగకుండా చెప్పవద్దు.

గోధుమ పడనివాళ్లు ఉంటే మరో జాగ్రత్త. ఐహాప్‌లో ఆమ్లెట్ పొంగడానికి పాన్‌కేక్ పిండి కాస్త కలుపుతారు. అది లేకుండా వేయమని అడగవచ్చు.

3. అట్టముక్క మీద నాలుగు జవాబులు రాయించండి

ఈ రెస్టారెంట్లలో సర్వరు అడిగేవి దాదాపు ఎప్పుడూ నాలుగే. తాగడానికి ఏమిటి? గుడ్లు ఎలా? రొట్టె ఏది? బంగాళాదుంపా, గ్రిట్సా, పండ్లా? మాంసం తినేవాళ్లకు ఐదోది: బేకనా, సాసేజా?

మీరు రాయకండి. నాన్న చేత్తో నాన్న, అమ్మ చేత్తో అమ్మ తెలుగు అక్షరాల్లో రాసుకోవాలి. గుడ్ల దగ్గర తడబాటు ఎక్కువ కాబట్టి ఇది నేర్పండి:

- సన్నీ సైడ్ అప్: ఒకవైపే కాల్చినది. పచ్చసొన పైకి కనిపిస్తూ, ద్రవంగా ఉంటుంది.
- ఓవర్ ఈజీ: తిప్పి వేస్తారు, కానీ పచ్చసొన కారుతూనే ఉంటుంది.
- ఓవర్ మీడియం: పచ్చసొన సగం గట్టిపడుతుంది.
- ఓవర్ హార్డ్: రెండువైపులా పూర్తిగా కాలినది. మన ఇళ్లలో వేసే గుడ్డు అట్టుకు దగ్గరిది.
- స్క్రాంబుల్డ్: కోడిగుడ్డు పొరటు, కాకపోతే ఉల్లిపాయ, కారం లేకుండా.

అరవై ఐదేళ్లు దాటినవాళ్లకు, మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు పచ్చసొన కారే గుడ్డు వద్దు. మెనూలో కొన్ని పేర్ల పక్కన చుక్కగుర్తు ఉంటుంది. అరకొరగా ఉడికిన గుడ్డు, మాంసం వల్ల జబ్బుపడే అవకాశం ఉందన్న హెచ్చరిక అది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీరు చదివి వినిపించండి. "ఓవర్ హార్డ్" ఒక్కటి నేర్చుకున్నా చాలు.

రొట్టెల్లో సోర్‌డో అంటే పులియబెట్టిన పిండితో చేసినది. పులిసిన అట్టు ఇష్టపడే మా నాన్నకు తగిన రొట్టె అదే. రై రొట్టెలో జీలకర్ర లాంటి గింజలు తగలవచ్చు. వీట్ అంటే గోధుమ రంగు రొట్టె.

వాఫుల్ హౌస్‌కు వెళ్తే హాష్‌బ్రౌన్స్‌కు అక్కడి సొంత భాష ఉంది. స్మదర్డ్ అంటే ఉల్లిపాయ, కవర్డ్ అంటే చీజ్, డైస్డ్ అంటే టమాటా, పెప్పర్డ్ అంటే పచ్చి మిరపకాయ లాంటి హలపీన్యో, క్యాప్డ్ అంటే పుట్టగొడుగులు. చంక్డ్ అంటే హ్యామ్, టాప్డ్ అంటే చిలీ అనే మాంసం కూర, కంట్రీ అంటే సాసేజ్ గ్రేవీ. ఈ మూడూ శాకాహారులకు కావు. చిలీ అన్న మాట విని మిరపకాయ అనుకునే ప్రమాదం ఉంది. మా నాన్న "స్మదర్డ్, పెప్పర్డ్" అని రెండు రోజులు ఇంట్లో తిరుగుతూ వల్లె వేశారు. అక్కడికి వెళ్లి చెప్పగానే సర్వరు వంటమనిషి వైపు తిరిగి గట్టిగా అరిచి చెప్పింది. ఆయన కళ్లలో వెలుగు చూశాను.

రాయడం అయ్యాక ఒకసారి ఆడి చూడండి. మీరు సర్వరుగా నిలబడి వేగంగా అడగండి. నెమ్మదిగా అడిగితే లాభం లేదు, అక్కడ ఎవరూ నెమ్మదిగా అడగరు. అర్థం కాకపోతే "వన్స్ మోర్" అని అడగడం తప్పు కాదని నచ్చజెప్పండి. మన పెద్దవాళ్లు మళ్లీ అడగడం నామోషీ అనుకుని తల ఊపేస్తారు. చెప్పనిది వచ్చేది అందుకే.

అరటిపండు సంగతి: శని, ఆదివారాల్లో తొమ్మిది నుంచి పన్నెండు మధ్య బల్ల దొరకడానికి అరగంట, ముప్పావుగంట పట్టవచ్చు. ఆర్డరిచ్చాక మరో ఇరవై నిమిషాలు. ఇన్సులిన్ గానీ కొన్ని రకాల షుగర్ మాత్రలు గానీ ఇంట్లోనే వేసుకుని బయల్దేరితే మధ్యలో షుగర్ పడిపోతుంది. మందు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి, తినడానికి ఏదో ఒకటి చేతిలో ఉంచుకోండి. వారం మధ్యలో, ఉదయం ఎనిమిదికల్లా వెళ్తే ఈ బెడదే ఉండదు. వెయిటింగ్ జాబితాలో ఫోను నుంచే పేరు రాయించుకునే వీలు చాలాచోట్ల ఉంది.

4. లోపలికి వెళ్లాక

ఖాళీ బల్ల కనిపించినా వెళ్లి కూర్చోకూడదు. తలుపు దగ్గర నిలబడితే వాళ్లే తీసుకెళ్లి కూర్చోబెడతారు. వాఫుల్ హౌస్‌లోనూ, చిన్న డైనర్లలోనూ మాత్రం నచ్చిన చోట కూర్చోవచ్చు. మోకాళ్ల నొప్పులు ఉంటే బూత్ (బల్లకు అటూ ఇటూ కదలని సోఫా లాంటి సీట్లు) వద్దు, కుర్చీలున్న బల్ల కావాలని చెప్పండి. బూత్‌లో పక్కకు జరిగి లేవడం పెద్దవాళ్లకు కష్టం.

నీళ్లలో గ్లాసు నిండా ఐసు వస్తుంది. "నో ఐస్" అన్నది నాన్న చెప్పే మొదటి మాట కానివ్వండి. తేలిక మాట, వెంటనే ఫలితం కనిపిస్తుంది, ధైర్యం వస్తుంది.

ఖాళీ ప్లేట్లు రెండు మూడు అప్పుడే అడగండి, తినడం మొదలుపెట్టాక కాదు. ఒక పాన్‌కేకుల ప్లేటు ఇద్దరికి ధారాళంగా సరిపోతుంది. ఎంగిలి కాకముందే పంచుకుంటే పెద్దవాళ్లు నిశ్చింతగా రుచి చూస్తారు. ప్లేటు పంచుకుంటే కొన్ని చోట్ల ఒకటి రెండు డాలర్లు ఎక్కువ వేస్తారు.

5. ఆర్డరు ఇచ్చే రెండు నిమిషాలు మీరు మాట్లాడకండి

మొత్తంలో ఇదే కష్టమైన అంచె, మీకు. సర్వరు మీ వైపు చూసి "వాళ్లకేం కావాలి?" అన్నట్టు అడగవచ్చు. మీరు నాన్న వైపు చూడండి. ఆయన అట్టముక్క చూసి చదువుతారు. ఆగితే ఆగనివ్వండి. మాట అందించాలని నాలుక దురద పెడుతుంది, ఓర్చుకోండి. శాకాహారానికి సంబంధించిన ప్రశ్న ఒక్కటే మీరు అడగండి. అది కచ్చితంగా అడగాల్సినది, అక్కడ తడబాటుకు చోటివ్వకూడదు.

చివర్లో సర్వరును ఆర్డరు తిరిగి చదవమనండి. "ఓవర్ హార్డ్", "నో బేకన్", "టర్కీ" అన్న మాటలు వినిపించాయో లేదో ముగ్గురూ వినండి.

6. ప్లేటు రాగానే సరిచూసుకోండి

ఎవరూ తినడం మొదలుపెట్టకముందు:

- గుడ్డు మధ్యలో ఫోర్కుతో నొక్కండి. పచ్చసొన కారితే అది ఓవర్ హార్డ్ కాదు.
- ఆమ్లెట్ మడత విప్పి చూడండి. హ్యామ్ గులాబీరంగు చదరపు ముక్కల్లా ఉంటుంది.
- ఆకుకూరలు, చిక్కుళ్లు, బీన్స్ గిన్నెను చెంచాతో అడుగువరకు కలపండి. ముక్కలు అడుగునే ఉంటాయి.
- శాకాహారి ప్లేటులో బేకన్ పక్కన పెట్టి తెస్తే, దాన్ని తీసి తినమని పెద్దవాళ్లకు చెప్పకండి. కొత్త ప్లేటు అడగండి.

ప్లేట్లు పెట్టిన కొద్ది నిమిషాలకు సర్వరు మళ్లీ వచ్చి అంతా బాగుందా అని అడుగుతుంది. చెప్పాల్సిన సమయం అదే. మనవాళ్లు ఆ క్షణంలో నవ్వుతూ తల ఊపి, ఆమె వెళ్లాక "గుడ్డు పచ్చిగా ఉంది" అంటారు. గుడ్డు మళ్లీ వేయించి తెమ్మనడం ఇక్కడ ఎవరినీ నొప్పించదు, దానికి వేరే డబ్బు కూడా వేయరు. అట్టు మాడితే ఇంకోటి వేయమని హోటల్లో అడుగుతాం కదా, అంతే.

పాన్‌కేకుల మీద పోసే సిరప్ చాలాచోట్ల మొక్కజొన్న పాకానికి రంగు, వాసన కలిపినది. నిజమైన మేపుల్ పాకం మేపుల్ చెట్టు నీరు కాచి తీస్తారు. దాదాపు 40 లీటర్ల నీరు కాచితే ఒక లీటరు వస్తుంది. అందుకే ఖరీదు. షుగర్ ఉన్నవాళ్లకు రెండూ ఒకటే, చక్కెరే. చక్కెర లేని సిరప్ అడగండి, లేదా వెన్న, పండ్లతో తినండి. ఇరవై, అంతకు మించి శాఖలున్న గొలుసు రెస్టారెంట్లు 2018 నుంచి మెనూలో ప్రతి వంటకం పక్కన కేలరీలు ముద్రించాలి. ఆ అంకె చూసి ఎంచుకోవడం నాన్నలకు భలే సరదా.

బిస్కెట్, టోస్టు చేత్తో తినవచ్చు, అందరూ అలాగే తింటారు. చేతులు కడుక్కునే గిన్నె రాదు. బాత్రూమ్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి.

7. బిల్లు

కొన్నిచోట్ల బల్ల దగ్గరే చెల్లిస్తారు, కొన్నిచోట్ల కాగితం పట్టుకుని ముందున్న కౌంటరు దగ్గరకు వెళ్లాలి. మెనూలో ధర ఒకటి, బిల్లులో మరొకటి ఉండడం చూసి పెద్దవాళ్లు మోసమనుకుంటారు. పన్ను విడిగా కలుస్తుంది, అది ఊరిని బట్టి మారుతుంది. ముందే చెప్పండి.

టిప్పు దగ్గర వాదన తప్పదు. "తొంభై రూపాయల లెక్కన ఎంతైందో చూశావా?" అని అమ్మ అడుగుతుంది. ఆమెకు ఇలా చెప్పండి: టిప్పు వచ్చే పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి కేంద్ర చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లే. ఆ అంకె 1991 నుంచి మారలేదు. చాలా రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ నిర్ణయించాయి, కాలిఫోర్నియా లాంటివి పూర్తి కనీస వేతనం ఇప్పిస్తాయి. మిగతా చోట్ల ఆ అమ్మాయి ఇల్లు గడిచేది ఈ టిప్పుతోనే. ఇది విన్నాక మా అమ్మ తానే ఇంకో రెండు డాలర్లు పెట్టమంది.

లెక్క తేలికే. పన్ను కలపకముందు మొత్తంలో పదోవంతు చూసి రెట్టింపు చేయండి. 60 డాలర్లయితే పదోవంతు 6, రెట్టింపు 12. అది ఇరవై శాతం. పదిహేను నుంచి ఇరవై మధ్య ఎంతైనా ఇవ్వవచ్చు. ఆరుగురు, అంతకు మించి వెళ్తే "గ్రాట్యుటీ" పేరుతో టిప్పు బిల్లులో ముందే కలిపి ఉండవచ్చు. ఆ మాట కోసం వెతకండి, రెండుసార్లు ఇవ్వకండి.

8. మిగిలినది ఇంటికి

తప్పకుండా మిగులుతుంది. "బాక్స్" అని అడిగితే డబ్బా ఇస్తారు. అందులో సర్దుకునే పని మనదే. వదిలేసి వస్తే పెద్దవాళ్ల మనసు ఒప్పదు, ఒప్పకూడదు కూడా. బయట రెండు గంటలకు మించి ఉంచవద్దు. 32 డిగ్రీల సెల్సియస్ దాటిన ఎండలో, ముఖ్యంగా కారులో, గంటే గడువు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది. మాంసం, గుడ్డు ఉన్నవాటిని లోపలిదాకా 74 డిగ్రీల సెల్సియస్ వచ్చేలా, పొగలు కక్కేదాకా వేడి చేయండి.

పాన్‌కేకులను మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతాయి. పెనం మీద చిన్న మంట పెట్టి, మూత వేసి రెండు నిమిషాలు వేడి చేస్తే మెత్తగా వస్తాయి. హాష్‌బ్రౌన్స్‌ను మా అమ్మ మర్నాడు పొద్దున పొడిగా చిదిపి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిరపకాయ, కరివేపాకు పోపు పెట్టి, చివర్లో నిమ్మకాయ పిండింది. పెనం మీద పెట్టాక కలపకుండా ఐదు నిమిషాలు వదిలేయాలి, అప్పుడే అడుగు ఎర్రబడుతుంది.